చలి పొద్దున ట్రాక్టర్ అందుకోకపోతే: ఇంజన్ ఆయిల్ ఎంపిక, స్టార్టింగ్ తిప్పలు

(ఆదిలాబాద్ జిల్లా ట్రాక్టర్ యజమానులు, డ్రైవర్ల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభలో అడిగిన ప్రశ్నలు, వాటి జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పత్తి డబ్బాలు (ట్రాక్టర్ ట్రాలీలు) మిల్లు దగ్గర లైన్లో పెట్టి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. కాబట్టి సూటిగా విషయంలోకి పోదాం.

డిసెంబర్, జనవరిలో మన దగ్గర తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. బేల, అర్లి, సిర్పూర్(యు) వైపు ఇంకా కిందికి పోయే రోజులూ ఉంటాయి. సరిగ్గా ఆ టైంకే పత్తి మార్కెట్‌కు పోవాలి. కీ తిప్పితే బండి మూలుగుతుంది, అందుకోదు. అప్పుడు అందరూ అనే మాట ఒకటే: "చలికి ఆయిల్ గడ్డకట్టింది, మంచి ఆయిల్ పోయించాలి." ఈ మాటలో నిజం పావు వంతే. ఐదు డిగ్రీలు డీజిల్ ఇంజన్‌కు పెద్ద చలి కాదు. ఇవే కంపెనీల బండ్లు పంజాబ్‌లో సున్నా దగ్గర కూడా పొలానికి పోతున్నాయి. బాగున్న ఇంజన్ మన చలికి ఒకటి రెండు సెల్ఫులకే అందుకోవాలి. అందుకోలేదంటే బ్యాటరీలోనో, డీజిల్ లైన్లోనో, ఇంజన్ లోపలో లోపం ముందే ఉంది. ఎండాకాలంలో అది బయటపడలేదు, అంతే. దాన్ని వెతకకుండా ఆయిల్ డబ్బా ఒక్కటి మారిస్తే వచ్చే చలికి మళ్లీ ఇదే కథ.

ముందు ఇంజన్ ఎట్లా అంటుకుంటుందో చూద్దాం. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. పిస్టన్ గాలిని పదిహేడు, పద్దెనిమిదో వంతుకు నొక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఇంజన్ వేడిగా ఉండి జోరుగా తిరుగుతుంటే ఆ వేడి ఐదు వందల డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిలోకి నాజిల్ డీజిల్ చిమ్మగానే అది అంటుకుంటుంది. చలి పొద్దున ఈ లెక్క మూడు చోట్ల తప్పుతుంది. లోపలికి పోయే గాలే చల్లగా ఉంటుంది, ఇది ఒకటి. ఇనుము చల్లగా ఉండి గాలిలో పుట్టిన వేడిని గుంజుకుంటుంది, ఇది రెండు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే గాలి పిస్టన్ రింగుల పక్క నుంచి జారిపోవడానికీ, వేడి గోడల్లోకి పోవడానికీ టైం దొరుకుతుంది. సెల్ఫ్, అంటే స్టార్టర్ మోటార్, ఇంజన్‌ను నిమిషానికి నూట యాభై, రెండు వందల చుట్లయినా తిప్పాలి. వంద దగ్గరే ఈడుస్తుంటే ఎంత మంచి ఇంజన్ అయినా అంటుకోవడం కష్టం. అంటే చలి పొద్దున అసలు ప్రశ్న ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోంది అన్నదే. ఆయిల్ సంగతి ఇక్కడే వస్తుంది, బ్యాటరీ సంగతి కూడా ఇక్కడే.

ముందు ఆయిల్. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే చలికాలం. డబ్ల్యూకు ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువైతే చలికి అంత మంచిది. వెనకున్న 40 ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ముందున్న 15కు 15 డిగ్రీల చలికి అని అర్థం కాదు, చాలామంది అట్లా అనుకుంటారు. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర. రెండూ మన చలికి చాలా కిందివరకు పనికొస్తాయి. కాబట్టి 20డబ్ల్యూ-40 పోశాం, అందుకే స్టార్ట్ కాలేదు అనడానికి వీల్లేదు.

మరి తేడా లేదా అంటే ఉంది. మామూలు 15డబ్ల్యూ-40 ఆయిల్ వంద డిగ్రీల దగ్గర 14, 15 సెంటీస్టోక్స్ చిక్కదనంతో ఉంటుంది. అదే ఆయిల్ ఐదు డిగ్రీల దగ్గర సుమారు 900కు పోతుంది. అరవై రెట్లు! ఇది మంచి ఆయిల్ సంగతి. పాతకాలం బండ్లలో ఇప్పటికీ కొందరు పోసే డబ్ల్యూ లేని ఒట్టి '40 నంబర్' ఆయిల్ అదే ఐదు డిగ్రీల దగ్గర 1,600 దాటుతుంది. అంటే దాదాపు రెట్టింపు చిక్కన. సెల్ఫ్ మీద ఆ బరువంతా పడుతుంది. మీ బండిలో ఒట్టి 40 ఉంటే ఈ చలికాలానికి ముందే 15డబ్ల్యూ-40కి మారండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. ఎండాకాలం 45 డిగ్రీల్లో రోటావేటర్ తోలినా వెనకున్న 40 అట్లాగే నిలబడుతుంది కాబట్టి ఏడాదంతా ఒకటే ఆయిల్ సరిపోతుంది.

ఇప్పుడు డబ్బా మీద రెండో గుర్తు: ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అని, దాని పక్కన సీహెచ్-4, సీఐ-4, సీకే-4 అని ఉంటుంది. దుకాణంలో ఎవరూ దీన్ని అడగరు. బ్రాండు పేరు, రేటు అడుగుతారు. కానీ మొదట చూడాల్సింది ఇదే. 'సీ'తో మొదలైతే డీజిల్ ఇంజన్‌కు, 'ఎస్'తో మొదలైతే పెట్రోల్ ఇంజన్‌కు చేసింది. రెండూ రాసి ఉన్న డబ్బాలు కూడా ఉంటాయి, ఫర్వాలేదు. సీ ఉండి తీరాలి. మోటార్‌సైకిల్ ఆయిల్ మిగిలింది కదా అని ట్రాక్టర్లో కలపొద్దు. డీజిల్ మసిని మోసే మందులు అందులో సరిపడా ఉండవు.

సీ తర్వాతి అక్షరం ముందుకు పోయినకొద్దీ కొత్త తరం. సీఎఫ్-4 పాతది, సీహెచ్-4 దాని తర్వాతది. సీఐ-4 2002లో వచ్చింది, సీకే-4 2016 చివర్లో. మామూలుగా కొత్తది పాతదాని పని చేస్తుంది. మాన్యువల్‌లో సీఎఫ్-4 అని ఉంటే సీఐ-4 నిశ్చింతగా పోయొచ్చు. సీఐ-4 అడిగిన బండికి సీఎఫ్-4 పోయకూడదు. యాభై హెచ్‌పీ లోపు మామూలు పంపు ఇంజన్లకు 15డబ్ల్యూ-40, సీఐ-4 తీసుకోండి. నా మట్టుకు అంతకంటే ఖరీదైనదానికి డబ్బు పెట్టడం దండగ.

యాభై హెచ్‌పీ దాటిన కొత్త బండ్ల సంగతి వేరు. 2023 జనవరి నుంచి వాటికి ట్రెమ్-4 అనే పొగ నిబంధనలు వచ్చాయి. మామూలు పంపు బదులు కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ వచ్చింది, కొన్నింటికి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, కూడా వచ్చింది. ఆయిల్ కొద్దికొద్దిగా కాలుతుంది కదా, అందులోని లోహపు మందులు బూడిదై ఆ ఫిల్టర్లో చేరతాయి. మసి అయితే వేడికి కాలిపోతుంది, బూడిద కాలదు. ఫిల్టర్ పూడిపోతే మార్చుకోవడమే దారి. అందుకని డీపీఎఫ్ బండికి తక్కువ బూడిద ఆయిల్, సీజే-4 లేదా సీకే-4, మాన్యువల్ ఏది చెబితే అది. అక్కడ పొదుపు చూసుకోవద్దు. ఎఫ్ఏ-4 అని ఇంకొకటి ఉంది, అది పలచని ఆయిల్, కొన్ని కొత్త లారీ ఇంజన్ల కోసం చేసింది. మన ట్రాక్టర్లకు వద్దు.

ఎన్ని గంటలకు మార్చాలి? కొత్త బండికి మొదటి సర్వీసు చాలా కంపెనీలు 50 గంటలకు పెడతాయి. ఆ తర్వాత ఎక్కువ మాన్యువళ్లలో 250 గంటలు, కొన్ని కొత్త మోడళ్లకు అంతకంటే ఎక్కువ. గంటల మీటర్ పనిచేయకపోతే ముందు దాన్ని బాగు చేయించండి. మీటర్ లేకుండా గంటలు లెక్కపెట్టడం అయ్యే పని కాదు. డీజిల్లో గంధకం ఎక్కువ, అందుకే తొందరగా మార్చాలి అని పాతవాళ్లు చెబుతారు. వాళ్ల కాలానికి అది నిజమే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వచ్చింది, గంధకం పది లక్షల్లో 10 పాళ్లే. అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది. ఇప్పుడు ఆయిల్‌ను చెడగొట్టేది గంధకం కంటే దుమ్ము, మసి, లోపలికి దిగిన డీజిల్. గంటలు నిండకపోయినా ఏడాదికి ఒకసారి మాత్రం మార్చండి.

మార్చేటప్పుడు చేసే తప్పులు చూడండి. పొద్దున చల్లని ఇంజన్ నుంచి ఆయిల్ దించుతారు. చిక్కటి ఆయిల్ అడుగున మడ్డిని వదిలేసి పైది మాత్రమే కారుతుంది. సాయంత్రం పని నుంచి వచ్చాక వేడి మీద దించండి, ఇరవై నిమిషాలు కారనివ్వండి. చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) ప్లగ్గుకు కొత్త రాగి వాషర్ వేయండి. పాత ఆయిల్‌ను వెలుతురులో చూడండి: మెరిసే రాగి రంగు పొరలుంటే బేరింగులు అరుగుతున్నాయి. ఫిల్టర్ తప్పకుండా మార్చాలి. ఫిల్టర్ మార్చకపోతే పాత మురికి ఆయిల్ లీటరు దాకా లోపలే మిగులుతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి, రబ్బరు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పానాతో బిగిస్తే మళ్లీ ఊడదీసేటప్పుడు డబ్బా నలుగుతుంది. తర్వాత స్టాప్ (డీజిల్ ఆపి ఇంజన్‌ను ఆపే పిడి) గుంజి పట్టుకుని సెల్ఫ్ పది సెకన్లు తిప్పండి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాక స్టార్ట్ చేయండి. ఇది మామూలు పంపు బండ్లకు. రెండు నిమిషాలు నడిపి, ఆపి, సమతలంలో పావుగంట ఆగి ఆయిల్ మట్టం చూపే గేజీ చూడండి. మూడు సిలిండర్ల ఇంజన్లకు చాలావరకు ఆరు నుంచి ఎనిమిదిన్నర లీటర్లు పడుతుంది. కానీ మీరు గేజీని నమ్మాలి, డబ్బా లెక్కను కాదు. పై గీత దాటి పోస్తే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. ఆ నురగలోని గాలి బేరింగుల్లోకి పోతుంది. ఎక్కువ పోశాం కదా, మంచిదే అనుకోవద్దు.

నకిలీ ఫిల్టర్ సంగతి ఇక్కడే చెప్పాలి. చాలా స్పిన్-ఆన్ (తిప్పి బిగించే) ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి జారకుండా ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. నాసిరకందాంట్లో అది ఉండదు, ఉన్నా చలికి బిగుసుకుపోతుంది. రాత్రంతా ఆయిల్ చాంబర్‌లోకి జారిపోయి, పొద్దున స్టార్ట్ కాగానే ప్రెషర్ లైటు ఆరకుండా ఏడెనిమిది సెకన్లు వెలుగుతూనే ఉంటుంది. ఆ సెకన్లలో మెయిన్ బేరింగులు ఆయిల్ లేకుండా తిరుగుతున్నాయి. లైటు ఐదారు సెకన్లలో ఆరాలి. పది సెకన్లకూ ఆరకపోతే ఇంజన్ ఆపేసి చూడాలి, రేజు ఇవ్వకూడదు.

ఇక బ్యాటరీ. మన దగ్గర చలి పొద్దున అందుకోని బండ్లలో చాలావాటి రోగం ఇక్కడే. నిండా చార్జి ఉన్న బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉంచాక 12.6 వోల్టులు చూపాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. బ్యాటరీ లోపల జరిగేది రసాయనం పని, చలికి అది నెమ్మదిస్తుంది. ఎండాకాలం ఇచ్చే బలంలో సున్నా డిగ్రీల దగ్గర మూడో వంతు పోతుంది. ఇటు ఆయిల్ చిక్కబడి బరువు పెరుగుతుంది, అటు బ్యాటరీ బలం తగ్గుతుంది. సగం చార్జితో ఎండాకాలం నెట్టుకొచ్చిన బ్యాటరీ డిసెంబర్లో చేతులెత్తేసేది అందుకే. దానికి తోడు ట్రాలీ డబ్బాకు రంగుల లైట్లు, సౌండ్ బాక్సులు. మిల్లు లైన్లో ఇంజన్ ఆపి రాత్రంతా పాటలు వింటే పొద్దున సెల్ఫ్‌కు మిగిలేది ఏముంటుంది?

మల్టీమీటర్ ఇప్పుడు కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది, ఊరికి ఒకటి ఉండాలి. మూడు కొలతలు తీయండి. మొదటిది, సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ బుడిపెల మీద వోల్టేజి 9.6 కంటే దిగకూడదు. దిగితే బ్యాటరీ బలహీనం, లేదా సెల్ఫ్ ఎక్కువ కరెంటు తాగుతోంది. రెండోది, మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ బుడిపె మీద, ఇంకో కొన ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ తీగ చెడింది. ఇది ఎవరూ చూడరు. చాసిస్ మీద ఎర్త్ బిగించిన చోట రంగు, తుప్పు, నల్లరేగడి దుమ్ము పేరుకుని ఉంటాయి. సెల్ఫ్ రెండు మూడు వందల ఆంపియర్లు గుంజుతుంది, అంత కరెంటు ఆ తుప్పులోంచి రాదు. బోల్టు విప్పి ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే కొత్త బ్యాటరీ కొన్నంత తేడా వస్తుంది. మూడోది, ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. రాకపోతే డైనమో బెల్టు, ఆల్టర్నేటర్ చూపించాలి. బుడిపెల మీది తెల్లటి ఉప్పును వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, బిగించాక పైన వ్యాజ్‌లైన్ రాయండి. సోడా నీళ్లు సెల్లుల్లోకి మాత్రం పోనివ్వొద్దు. సెల్లుల్లో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పోతాయి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోలేదు అనుకోండి. అప్పుడు పొగగొట్టం చూడండి, మెకానిక్ కంటే ముందు అదే చెబుతుంది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ పొగ అసలు రాకపోతే సిలిండర్లోకి డీజిల్ పోవడం లేదు. తెల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిల్ పోతోంది, అంటుకోవడం లేదు. ఈ రెండూ వేర్వేరు రోగాలు, రెంటికీ ఒకే మందు వేస్తారు మనవాళ్లు.

పొగ రాకపోతే మొదట స్టాప్ కేబుల్ చూడండి. లోపలి గ్రీజు చలికి బిగిసి స్టాప్ సగంలో ఆగిపోతుంది, పంపు దగ్గర లివర్ చేత్తో కదిపితే తెలుస్తుంది. తర్వాత గాలి. డీజిల్ ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడైనా పైపు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే లీకు కంటికి కనపడదు. రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోయి లైన్లో గాలి మిగులుతుంది. దీన్ని పట్టడానికి ఒక పని చేయండి. పొద్దున కీ తిప్పకముందే చేతి పంపు నొక్కండి. మొదట మెత్తగా ఉండి పదీ ఇరవై నొక్కులకు గట్టిపడి, ఆ తర్వాత బండి సెల్ఫ్ కొట్టగానే అందుకుంటే రోగం చలి కాదు, గాలి. పైపు జాయింట్ల రాగి వాషర్లు మార్చండి. వాడిన రాగి వాషర్ గట్టిపడి ఉంటుంది, తిప్పి వేస్తే సరిపోదు. పాత రబ్బరు పైపు చివర నెర్రెలు ఉంటే ఆ ముక్క కోసి బిగించండి. ఫిల్టర్ మీద బోల్టు వదులు చేసి నురగ పోయి డీజిల్ నిఖార్సుగా వచ్చేదాకా చేతి పంపు కొట్టి, కారుతుండగానే బిగించాలి.

డీజిల్ సంగతి కూడా ఉంది. డీజిల్లో మైనం ఉంటుంది. చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టు ఈ మైనం పేరుకుని ఫిల్టర్ కాగితాన్ని మూస్తుంది. మన దేశపు డీజిల్ ప్రమాణం, ఐఎస్ 1460, చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్ గుండా పారాలని, ఎండాకాలపుది 18 డిగ్రీల దాకా పారితే చాలని చెబుతుంది. ఇవి కనీస హద్దులు, నిజంగా వచ్చే డీజిల్ తరచూ ఇంతకంటే మెరుగ్గానే ఉంటుంది. కానీ సెప్టెంబర్లో డ్రమ్ములో నింపి పెట్టుకున్న డీజిల్‌ను డిసెంబర్‌లో పోస్తే అది ఎండాకాలపు సరుకు. డ్రమ్ములు పెట్టుకునేవాళ్లు అక్టోబర్ చివరికి పాతది వాడేయండి. లడఖ్‌లో అయితే ఇదే పెద్ద సమస్య, అక్కడికి 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్ తెచ్చింది. మనకు అంత అవసరం లేదు. మనకు మైనం కంటే నీళ్లు ఎక్కువ ప్రమాదం. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి పైభాగంలో చెమ్మ పట్టి అడుగుకు దిగుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టండి, వారానికొకసారి ఫిల్టర్ కింది ప్లగ్గు విప్పి అరగ్లాసు వదలండి.

తెల్లపొగ వస్తూ అంటుకోకపోతే వేడి చాలడం లేదు. హీటర్ ఉన్న బండి అయితే అది పనిచేస్తోందో లేదో చూడండి. కొన్ని ఇంజన్లకు గాలి పోయే గొట్టంలో థర్మోస్టార్ట్ ఉంటుంది. కీ హీట్ దగ్గర పదిహేను, ఇరవై సెకన్లు పట్టుకుంటే చుట్ట ఎర్రబడి, దాని మీద పడే చిటికెడు డీజిల్ మండి లోపలికి పోయే గాలిని వేడి చేస్తుంది. ఆ చిన్న డీజిల్ పైపు పూడుకుపోయి ఏళ్లుగా పనిచేయని బండ్లు బోలెడు. హీటర్ బాగున్నా, లేకపోయినా తెల్లపొగే వస్తుంటే నాజిళ్లు, వాల్వు గ్యాప్, పంపు టైమింగ్, చివరికి రింగులు. రింగుల సంగతి తెలుసుకోవాలంటే ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే రింగులు, సిలిండర్ బోరు అరిగాయి. దానికి ఆయిల్ మార్చడం మందు కాదు, బోరు పని చేయించాల్సిందే.

ఇక బోరు త్వరగా అరగడానికి మన దగ్గర అసలు కారణం ఎయిర్ క్లీనర్. దుమ్మును ఆయిల్‌లో పట్టే ఆయిల్ బాత్ రకం అయితే గిన్నెలో గీత వరకు ఇంజన్ ఆయిలే పోయాలి. దుమ్ములో పని చేసేటప్పుడు రోజూ చూడాలి, అడుగున బురద అర అంగుళం కాకముందే కడగాలి. గీత దాటి పోస్తే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చుకుని తనంతట తానే రేజ్ అయిపోతుంది, స్టాప్ గుంజినా ఆగదు. ఆ పరిస్థితి వస్తే గాలి గొట్టాన్ని గట్టి చెక్కతోనో దట్టమైన సంచితోనో మూయాలి. చేత్తో మూయొద్దు, గుంజేస్తుంది.

సరే, పొద్దున స్టార్ట్ చేసే తీరు. గేర్ న్యూట్రల్, పీటీఓ (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) తీసేసి ఉండాలి. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టండి. గేర్ బాక్సులో ఉన్న ఆయిల్ కూడా చలికి చిక్కబడుతుంది, క్లచ్ తొక్కితే ఆ బరువు సెల్ఫ్ మీద పడదు. ఈ ఒక్క పనితోనే కొన్ని బండ్లు అందుకుంటాయి. మామూలు పంపు అయితే చేతి యాక్సిలరేటర్ మూడో వంతు పెట్టండి. కామన్ రైల్ అయితే యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు, డీజిల్ ఎంత ఇవ్వాలో కంప్యూటర్ చూసుకుంటుంది. హీటర్ ఉంటే హీటర్. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టొద్దు, నిమిషం ఆగండి. బ్యాటరీ తేరుకుంటుంది, సెల్ఫ్ చల్లబడుతుంది. మూడుసార్లకు కాలేదంటే నాలుగోది వద్దు, కారణం వెతకండి. అందుకున్నాక వెంటనే రేజు ఇవ్వకుండా వెయ్యి చుట్ల దగ్గర రెండు మూడు నిమిషాలు, ఆ తర్వాత తేలిక లోడుతో కదలండి. టర్బో ఉన్న బండికి ఇది మరీ ముఖ్యం. టర్బో షాఫ్టుకు ఆయిల్ చేరకముందే రేజు ఇస్తే బుష్షులు పోతాయి.

చేయకూడనివి రెండు గట్టిగా చెబుతాను. ఒకటి, గాలి గొట్టం దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టడం. పెట్రోల్, ఈథర్ ఆవిరి పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగా పైనుంచి దెబ్బ పడుతుంది. రింగులు విరుగుతాయి, పిస్టన్ పగులుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హీటర్ ఉన్న బండికి ఈథర్ కొడితే గొట్టంలోనే పేలుతుంది. అట్లా రెండు మూడేళ్లు అలవాటు పడ్డ ఇంజన్ ఇక పెట్రోల్ గుడ్డ లేకుండా అందుకోదు, ఎందుకంటే రింగులు అప్పటికే పోయి ఉంటాయి. రెండు, చాంబర్ కింద గడ్డి మంట పెట్టడం. కింద డీజిల్, ఆయిల్ కారిన జిడ్డు, పక్కన వైరింగు, వెనక పత్తి డబ్బా. ఇంక నేను చెప్పాల్సిందేముంది? అంతగా కావాలంటే రేడియేటర్లో నీళ్లు దించి, కాగిన నీళ్లు కాక, చేయి పెట్టగలిగినంత వేడినీళ్లు నెమ్మదిగా పోయండి. సలసల కాగేవి పోస్తే చల్లని హెడ్డు పగలొచ్చు.

ఇంకొక్క మాట, థర్మోస్టాట్. ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతోందని దాన్ని తీసి పారేసిన బండ్లు ఇక్కడ చాలా ఉండాలి. థర్మోస్టాట్ సుమారు 80 డిగ్రీల దాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వదు, ఇంజన్‌ను త్వరగా వేడెక్కిస్తుంది. అది లేకపోతే చలికాలంలో ఇంజన్ పొద్దంతా యాభై, అరవై దగ్గరే తిరుగుతుంది. కాలని డీజిల్ గోడల మీదుగా చాంబర్‌లోకి దిగుతుంది, చెమ్మ ఆరదు, ఆయిల్ పలచబడి జిగట మడ్డి అవుతుంది. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఈ బండిలో బతకదు. పాత థర్మోస్టాట్ మంచిదో కాదో ఇంట్లోనే చూడొచ్చు: గిన్నెలో నీళ్లు పోసి అందులో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. నీళ్లు కాగేలోగా నోరు తెరవాలి, చల్లారితే మూసుకోవాలి. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్ జాలిలో పేరుకున్న పొట్టు, పత్తి పోగులు. వాటిని లోపలి నుంచి బయటికి గాలి కొట్టి తీయండి.

ప్రశ్నలు, జవాబులు

కొత్త ఆయిల్ పోసి రెండు రోజులు కాలేదు, నల్లగా అయింది. నకిలీదా సార్?

నల్లబడటం తప్పు కాదు. డీజిల్ ఆయిల్ పనే మసిని తనలో కలుపుకుని తేలుతూ ఉంచడం. నల్లబడని ఆయిల్‌నే అనుమానించాలి. మీరు చూడాల్సింది వేరే ఉంది. గేజీ మీద మట్టం పెరుగుతోందా? పెరిగితే డీజిల్ గానీ నీళ్లు గానీ దిగుతున్నాయి. డీజిల్ అయితే ఆయిల్ పలచగా ఉండి వాసన వస్తుంది, నీళ్లయితే పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. రెండింటికీ బండి ఆపాల్సిందే. నకిలీ సంగతంటే, సీల్, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసి, బిల్లుతో కొనండి. విడి డ్రమ్ములోంచి లీటర్ల లెక్కన కొలిచి అమ్మేది వద్దు. ఖాళీ డబ్బాకు బొక్క కొట్టి పారేయండి, లేకపోతే అదే డబ్బా మళ్లీ నిండి వస్తుంది.

మా బండి పాతది, ఆయిల్ తాగుతోంది. 20డబ్ల్యూ-50 పోస్తే ఆగుతుందని చెబుతున్నారు.

కొంచెం తగ్గినట్టు కనపడుతుంది. చిక్కన కాబట్టి ఎండాకాలం ప్రెషర్ కూడా బాగా చూపిస్తుంది. కానీ పొద్దున చలికి సెల్ఫ్ ఇంకా కష్టపడుతుంది, మీ పాత బ్యాటరీకి అది మొదటి దెబ్బ. పది గంటల పనికి ఎంత పోస్తున్నారో నెల రోజులు రాసి పెట్టుకోండి. పెరుగుతూ పోతుంటే పంట డబ్బు వచ్చాక బోరు పని పెట్టుకోండి. అప్పటిదాకా 15డబ్ల్యూ-40 పోస్తూ మట్టం చూసుకుంటే చాలు.

డీజిల్లో కిరోసిన్ కలిపితే చలికి తేలిగ్గా స్టార్ట్ అవుతుందా?

మన చలికి అవసరం లేదు. పంపు, నాజిళ్లకు డీజిలే ఆయిల్. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. కామన్ రైల్ పంపుకు అయితే అది చావు దెబ్బ, ఆ పంపు ఖర్చుతో రెండు మూడేళ్ల ఆయిల్ వస్తుంది.

ఇంజన్ ఆయిల్ మిగిలితే హైడ్రాలిక్‌లో పోయొచ్చా?

వద్దు. ఆయిల్లో మునిగిన బ్రేకులున్న బండికి వెనక యూటీటీఓ అనే ప్రత్యేక ఆయిల్ పోయాలి. అందులో బ్రేకు ప్లేట్లు కూయకుండా, జారకుండా మందులుంటాయి. మిగిలిన ఇంజన్ ఆయిల్‌ను ఎయిర్ క్లీనర్ గిన్నెకు వాడుకోండి.

మిల్లు దగ్గర లైన్ గంటలు పడుతుంది. ఆపితే మళ్లీ అందుకోదేమోనని ఇంజన్ ఆపం. తప్పా?

ఆపండి. ఊరికే నడిస్తే గంటకు లీటరు దగ్గర డీజిల్ పోతుంది, పైగా ఇంజన్ చల్లబడి కాలని డీజిల్ చాంబర్‌లోకి దిగుతుంది. వేడి ఇంజన్ గంట ఆపినా ఒక్క సెల్ఫ్‌కే అందుకోవాలి. అందుకోదని భయం ఉందంటే ఆ బండికి ఇందాక చెప్పిన మూడు కొలతలు రేపే తీయండి. ఇంకొకటి, లైన్లో సెల్ఫ్ పనిచేయకపోతే స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లు కలిపి కింద నిలబడి స్టార్ట్ చేసేవాళ్లున్నారు. గేర్ పడి ఉంటే బండి అందుకున్న క్షణమే కదులుతుంది, వెనక చక్రం ముందే మీరుంటారు. సేఫ్టీ స్విచ్చు పాడైతే స్విచ్చు మార్పించండి. అంతవరకు స్టార్ట్ చేసే మనిషి సీటు మీదే కూర్చుని, క్లచ్ తొక్కి, కీ తిప్పాలి.